కొండమంచులో కొలిమి పొగ

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. ఎవరెస్టు పేరు మీకందరికీ తెలుసు. ఇవాళ దానికి పడమరగా టిబెట్‌లో ఉన్న ఇంకో శిఖరం సంగతి చెబుతాను. దాని పేరు శిశాపంగ్మా. ఎత్తు 8,027 మీటర్లు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు ప్రపంచం మొత్తం మీద పద్నాలుగే, వాటిలో ఇదొకటి. దీని భుజం మీద దసువోపు అనే హిమానీనదం ఉంది. 1997లో లానీ థాంప్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన బృందంతో 7,200 మీటర్ల ఎత్తుకెక్కి, మంచులోకి నిలువునా బోరు దింపి, పొడుగాటి మంచు కడ్డీలు బయటికి తీశాడు. అప్పటివరకు అంత ఎత్తు నుంచి ఎవరూ మంచు కడ్డీ తీయలేదు. అక్కడ ఊపిరి నిండా పీల్చినా మనకిక్కడ అందే ప్రాణవాయువులో సగం కూడా అందదు. అంతటి చోట పని చేసి, తీసిన మంచును కరగనీయకుండా కిందికి దింపి, సముద్రాలు దాటించి ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చేర్చారు. ఈనాటికీ అలాంటి కడ్డీలను అక్కడ సున్నాకి 30 డిగ్రీలకు పైగా దిగువన, పెద్ద శీతలగదుల్లో భద్రంగా ఉంచుతున్నారు.

ఆ హిమానీనదం దగ్గర ఊరు లేదు, రోడ్డు లేదు, పొయ్యి లేదు. అక్కడి మంచు స్వచ్ఛంగా ఉండాలి కదా? పావొలో గాబ్రియెల్లి అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ ఆ మంచును పొర పొరగా పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు చదివిన పొరలు 1499 నుంచి 1992 దాకా పడిన మంచువి. సుమారు 1780 నాటి పొర దగ్గర నుంచి అందులో కాడ్మియం, క్రోమియం, నికెలు, ఆంటిమొనీ, మాలిబ్డినం, జింకు లాంటి లోహాలు సహజంగా ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపించాయి.

1780 అంటే ఏ కాలమో చూడండి. ఇక్కడ దక్షిణాన హైదర్ అలీ ఇంగ్లీషువాళ్ల మీద రెండో యుద్ధం మొదలుపెట్టిన ఏడు. అక్కడ ఇంగ్లండులో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు గనుల దగ్గరా కార్ఖానాల్లోనూ బొగ్గు తినడం మొదలుపెట్టిన రోజులు. శిశాపంగ్మా శిఖరం మీద మనిషి మొదటిసారి కాలు పెట్టింది 1964లో. అంటే మనిషికన్నా దాదాపు 180 ఏళ్ల ముందే మనిషి రాజేసిన పొగ ఆ కొండెక్కింది.

"మంచు మీద తారీఖు రాసి ఉంటుందా తాతయ్యా?" అని అడుగుతారు మీరు. దాదాపు రాసినట్టేనమ్మా. హిమాలయాల మీద వానాకాలంలో రుతుపవనాలు తెచ్చిన మంచు పడుతుంది. చలికాలంలో పడమటి గాలులు తెచ్చిన మంచు పడుతుంది. పొడి నెలల్లో టిబెట్ పీఠభూమి దుమ్ము వచ్చి పైన కూర్చుంటుంది. ఈ మూడింటి రసాయనం మూడు రకాలు. అందుకని ఏడాదికో పట్టీ ఏర్పడుతుంది. పై నుంచి పట్టీలు లెక్కపెట్టుకుంటూ దిగితే ఏళ్లు వెనక్కి పోతాయి. లెక్క తప్పిందేమో చూసుకోవడానికి ఒక గుర్తు కూడా ఉంది. 1960ల మొదట్లో అగ్రరాజ్యాలు బయటి గాలిలోనే అణుబాంబులు పేల్చి పరీక్షించేవి. ఆ రేడియోధార్మిక ధూళి భూమ్మీద చాలా చోట్ల మంచులో 1963 ప్రాంతపు పొరలో దొరుకుతుంది. ఆ పొర సరిగ్గా కుదిరితే మిగతా లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఎక్కడో ఐరోపాలో కాల్చిన బొగ్గు పొగ వేల కిలోమీటర్లు దాటి హిమాలయాల మీదికి ఎలా వస్తుంది? వచ్చి అక్కడే ఎందుకు ఆగుతుంది?

ముందు బొగ్గు సంగతి చూద్దాం. బొగ్గంటే కర్బనం ఒక్కటే అనుకుంటాం. అది ఒకనాటి బురద అడవి. మట్టిలో ఉన్నవన్నీ అందులోనూ ఉంటాయి. ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం, సీసం, సెలీనియం అన్నీ రవ్వంత రవ్వంత. మన సింగరేణి బొగ్గయినా, ఇంగ్లండు బొగ్గయినా ఇందులో తేడా లేదు. మట్టిలో చల్లగా ఉన్నంతకాలం అవి కదలవు. కొలిమిలో పడి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి తగిలేసరికి వీటిలో తేలిగ్గా ఆవిరయ్యేవి ఆవిరైపోతాయి. పొగగొట్టంలో పైకి పోతూ చల్లబడినప్పుడు ఆ ఆవిరి వెళ్లి బూడిద రేణువుల మీద పూతగా పడుతుంది. సన్న రేణువులకు బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. కాబట్టి అన్నిటికన్నా సన్న రేణువుల మీదే ఎక్కువ లోహం చేరుతుంది. ఇక్కడే వచ్చింది చిక్కంతా. పెద్ద రేణువు గొట్టం దగ్గరే నేల మీద రాలిపోతుంది. సన్నది రాలదు. గాలిలో వారం రోజులు తేలుతూ ఖండాలు దాటుతుంది. ఇప్పటి విద్యుత్ కేంద్రాల్లో బూడిద పట్టే యంత్రాలున్నాయి. బరువు లెక్కన చూస్తే బూడిదలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైనే పట్టేస్తాయి. జారిపోయే ఆ కొద్దిపాటిలోనే ఈ సన్న రేణువులు ఉంటాయి. పాదరసమైతే రేణువుగా మారకుండా వాయువుగానే తప్పించుకుని నెలల తరబడి భూగోళమంతా తిరుగుతుంది.

ఇప్పుడు కొండ సంగతి. పండగ ముందు మీ నానమ్మ వంటింటి అటక మీది సామాను దించినప్పుడు చూశారా? పొయ్యి గట్టు రోజూ తుడుస్తాం కాబట్టి శుభ్రంగానే ఉంటుంది. అటక మీది ఇత్తడి బిందెను ముట్టుకుంటే మాత్రం వేలికి జిడ్డు అంటుకుంటుంది. దాని పక్కన ఎవరూ వంట చేయలేదు. తాలింపులోంచి లేచిన నూనె ఆవిరి వేడిగాలితో పైకి పోయి, చల్లటి ఇత్తడి తగిలిన చోట ఆగిపోయింది. కొండ చేసే పనీ అదే.

మైదానం మీదుగా వచ్చే గాలికి కొండ అడ్డం పడితే, ఆ గాలి వాలు పట్టుకుని పైకి ఎక్కాల్సిందే. ఎక్కేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడిన గాలిలో నీటి ఆవిరి చుక్కగా మారాలంటే కూర్చోవడానికి ఒక పీట కావాలి, ఉత్తగాలిలో చుక్క కట్టదు. ఆ పీట దుమ్ము రేణువో, ఉప్పు రేణువో, మనం చెప్పుకున్న లోహపు పూత ఉన్న పొగ రేణువో అవుతుంది. అంటే లోహం మబ్బు పుట్టేటప్పుడే చుక్క కడుపులో ఉంది. ఆ చుక్క వానగానో మంచుగానో కొండ మీదే పడుతుంది. పడేటప్పుడు దారిలో ఉన్న మిగతా రేణువులనూ ఊడ్చుకుంటూ దిగుతుంది. వాన పడని రోజున కూడా శిఖరాల మీద మబ్బు ఆనుకుని ఉంటుంది. చెట్ల ఆకులు ఆ మబ్బును పట్టుకుని నీళ్లుగా కారుస్తాయి. ఈ మబ్బు నీటిలో మామూలు వాననీటిలో కన్నా మలినాలు చిక్కగా ఉంటాయి. అమెరికాలో ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రపు కొండల మీద 1980 ప్రాంతాల్లో అడవి నేల తవ్వి చూస్తే, కొండ దిగువన కన్నా కొండ పైన ఆకు మట్టిలో సీసం ఎక్కువ. ఫ్యాక్టరీలూ రోడ్లూ కిందున్నాయి, సీసం పైన పేరుకుంది.

మరి ఎంత ఉంటుంది ఆ లోహం? ఇక్కడ లెక్క జాగ్రత్తగా వినాలి. కొండమంచులో ఈ లోహాలను లక్ష కోట్ల పాళ్లలో ఒక పాలు చొప్పున కొలుస్తారు. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న చెరువులో ఒకే ఒక గ్రాము లోహం కలిపితే ఎంతో, అదీ ఆ పాలు. అంత కొంచెం తాగితే మనిషికి వెంటనే ఏమీ కాదు. దసువోపు మంచు గురించి గాబ్రియెల్లి కూడా అదే అన్నాడు. సహజంగా ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది గానీ, వెంటనే విషమయ్యేంత లేదన్నాడు. శాస్త్రం చెప్పినదాన్ని భయపెట్టడానికి పెంచి చెప్పడం నాకిష్టం ఉండదు, అందుకని ఈ మాట మీకు చెప్పి తీరాలి.

అయినా ఎందుకు పట్టించుకోవాలి? లోహాలన్నీ ఒక్కలాంటివి కావు. జింకు, రాగి మన ఒంటికి కొంచెం కావాలి. సీసం, కాడ్మియం, పాదరసం మన ఒంట్లో చేసే పని ఏదీ లేదు. పైగా అవి కుళ్లవు, కాలవు, విరిగి ఇంకోటి కావు. సీసాన్ని ఒళ్లు కాల్షియం అనుకుని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు సీసానికి లేనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పాదరసం చెరువు అడుగు బురదలో సూక్ష్మజీవుల చేతిలో పడితే మిథైల్ పాదరసం అవుతుంది. నీటిలో రవ్వంతే ఉన్నది పురుగులో కొంచెం, చిన్న చేపలో ఇంకొంచెం, పెద్ద చేపలో లక్షల రెట్లుగా పేరుకుంటుంది. కాబట్టి మంచులో ఉన్న అంకె చిన్నదని ఊరుకోవడానికి లేదు.

ఇంత చిన్న అంకెను నమ్మకంగా కొలవచ్చని ప్రపంచానికి నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు క్లెయిర్ ప్యాటర్సన్. ఆయన కథ తప్పకుండా వినాలి మీరు.

1940ల చివర్లో షికాగోలో చదువుకుంటున్న ప్యాటర్సన్‌కి గురువు ఒక పని అప్పగించాడు. రాళ్లలో ఉన్న సీసాన్ని కొలవాలి. యురేనియం కోట్ల ఏళ్ల మీద క్షయించి సీసంగా మారుతుంది కాబట్టి, ఆ సీసం లెక్క తేలితే భూమి వయసు తేలుతుంది. పని చూస్తే తేలికగానే ఉంది. ఎన్నిసార్లు కొలిచినా సీసం మాత్రం ఉండాల్సినదానికన్నా ఎక్కువ వచ్చేది. రాయి తప్పు కాదని ఆయనకు మెల్లగా అర్థమైంది. గదిలో గాలిలో సీసం ఉంది. బల్ల మీద, గాజు గిన్నెల్లో, నీళ్లలో, తన బట్టల మీద, జుట్టులో సీసం ఉంది. తరవాత కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కి మారినప్పుడు ఆయన తన కోసం ఒక గది కట్టించుకున్నాడు. లోపలికి వచ్చే గాలిని వడగట్టారు, వాడే నీళ్లనూ ఆమ్లాలనూ మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు, నేలంతా పదే పదే కడిగారు. చివరికి కాన్యన్ డియాబ్లో అనే ఉల్కాశకలంలోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రచురించాడు. ఆ అంకె ఈనాటికీ నిలిచే ఉంది.

ఇంకొకరైతే అక్కడితో సంతోషించి ఊరుకునేవారు. ప్యాటర్సన్ ఊరుకోలేదు. తన గదిని పాడుచేసిన ఆ సీసం ఎక్కడ నుంచి వస్తోంది? సముద్రపు నీళ్లు కొలిచాడు. లోతుల్లో తక్కువ, పైన ఎక్కువ. అంటే పై నుంచి ఇటీవలే పడుతోంది. గ్రీన్‌లాండ్ మంచు తవ్వి పొరలు చూశాడు. పాత పొరల్లో కంటే కొత్త పొరల్లో సీసం వందల రెట్లు పెరిగింది. దోషి దొరికింది, పెట్రోలు. ఇంజన్లు కొట్టుకోకుండా నడవడానికి పెట్రోల్లో సీసం కలపవచ్చని 1921లో థామస్ మిడ్గ్లీ అనే ఇంజనీరు కనిపెట్టాడు. 1923 నుంచి అది అమ్మకానికి వచ్చింది. ప్రతి కారు వెనక గొట్టం నుంచీ సీసం గాలిలోకి పోతూనే ఉంది.

1965లో ప్యాటర్సన్ ఈ సంగతి బాహాటంగా రాశాడు. పెట్రోలు పరిశ్రమ నుంచి ఆయనకు వచ్చే పరిశోధన డబ్బు ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు. తరవాతి పదేళ్లలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయవనంలో, సియర్రా పర్వతాల పైభాగాన థాంప్సన్ కాన్యన్ అనే మారుమూల లోయను ఎంచుకున్నాడు. అక్కడ రాయి, మట్టి, మంచు, తుంగగడ్డి, ఆ గడ్డి తినే ఎలుకలు, ఆ ఎలుకలను తినే మార్టెన్లనే జంతువులు, ఒక్కటీ వదలకుండా అన్నిటిలోనూ సీసం కొలిచారు ఆయన బృందం వాళ్లు. ఆ లోయలో కారు తిరగదు, కొలిమి లేదు. అయినా గడ్డి ఆకుల మీదా ఎలుకల ఒంట్లోనూ ఉన్న సీసంలో ఎక్కువ భాగం రాతిలోంచి వచ్చింది కాదు, మనుషులు గాలిలోకి వదిలింది. మారుమూల కొండ శుభ్రంగా ఉంటుందన్న నమ్మకాన్ని కొలిచి మరీ కొట్టేసిన పని అది. నా మటుకు నాకు భూమి వయసు కన్నా ఈ పనే గొప్పదనిపిస్తుంది.

"అది మనుషుల సీసమే అని ఎలా చెప్పారు, సీసం మీద పేరుంటుందా?" మంచి ప్రశ్న. ఉంటుంది. సీసంలో నాలుగు రకాల పరమాణువులున్నాయి, బరువులు 204, 206, 207, 208. మొదటిది భూమి పుట్టినప్పటి నుంచీ మారనిది. మిగతా మూడూ యురేనియం, థోరియం క్షయిస్తూ కాలక్రమాన పెరుగుతూ వచ్చినవి. ఏ గని ఎప్పుడు ఏర్పడింది, దాని చుట్టూ యురేనియం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఈ నాలుగింటి నిష్పత్తి గనికొక తీరుగా ఉంటుంది. మన పల్నాట్లో బండ్లమోటు కొండల సీసానికి ఒక నిష్పత్తి, రాజస్థాన్ జావర్ సీసానికి ఒకటి, ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ సీసానికి ఇంకొకటి. కొలిమిలో కరిగించినా, పెట్రోల్లో కలిపినా, పొగగా వదిలినా ఆ నిష్పత్తి మారదు. మంచులో దొరికిన రవ్వంత సీసాన్ని యంత్రంలో పెట్టి ఈ నాలుగింటినీ విడివిడిగా లెక్కిస్తే, అది ఏ గనుల నుంచి వచ్చి ఉంటుందో చాలావరకు చెప్పవచ్చు.

ఈ విద్య పట్టుబడ్డాక కొండమంచు చెప్పిన కథలు అన్నీ ఇన్నీ కావు. దక్షిణ అమెరికాలో పెరూ దేశంలో 5,600 మీటర్లకు పైన కెల్కాయా అనే మంచు మైదానం ఉంది. అక్కడికి 800 కిలోమీటర్ల దూరంలో ఇప్పటి బొలీవియాలో పొటోసీ వెండికొండ. 1545లో స్పెయిన్‌వాళ్ల చేతికి ఆ కొండ చిక్కింది. లక్షలమంది ఆదివాసులను వెట్టికి తోలి, ఆ కొండను తొలిచి, వెండి తీశారు. ముందు సీసంతో కలిపి కరిగించేవారు, తరవాత పెరూలోనే వాంకవెలికా గనిలో తీసిన పాదరసంతో కలిపి తీసేవారు. ఆ వెండితో ఐరోపా ధనికమైంది. గనుల్లోనూ కొలుముల దగ్గరా చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. కొలుముల పొగ మాత్రం కెల్కాయా మంచులో ఉంది. పారిశ్రామిక విప్లవం రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే దక్షిణ అమెరికా గాలి లోహాలతో పాడైందని 2015లో ఆ మంచు చదివి చెప్పారు.

ఇక ఆల్ప్స్ పర్వతాలకు రండి. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో మోంటే రోజా మీద 4,450 మీటర్ల ఎత్తున కోలే న్యిఫెట్టి అనే చోట తీసిన మంచులో రెండు వేల ఏళ్ల సీసం లెక్క ఉంది. రోమన్ల కాలం నుంచీ ఎప్పుడూ సీసం ఉంటూనే ఉంది. కొలవలేనంత తక్కువకు అది పడిపోయింది ఒక్కసారే, 1349 నుంచి 1353 దాకా. ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందంటారు? ఐరోపాని మహా ప్లేగు ఊడ్చేసిన రోజులవి. గనిలో దిగేవాడు లేడు, కొలిమి ఊదేవాడు లేడు. మనుషులు పోయారు, పొగ ఆగింది, కొండ మీది గాలి శుభ్రపడింది. ఈ సంగతి 2017లో బయటపడేదాకా, గాలిలో కొంత సీసం ఉండటం ప్రకృతి సహజమనే చాలామంది అనుకునేవారు. ఆ నాలుగేళ్ల మంచు ఆ మాట తప్పని తేల్చింది. సహజంగా గాలిలో ఉండే సీసం దాదాపు సున్నా.

నాకు ఇందులో దుఃఖమూ ఉంది, ధైర్యమూ ఉంది. గాలి శుభ్రపడటానికి మహమ్మారే రావాలా అన్నది దుఃఖం. వదలడం ఆపితే గాలి ఇంత తొందరగా శుభ్రపడుతుందా అన్నది ధైర్యం. ఆ ధైర్యం మన కాలంలోనే రుజువైంది. ఆల్ప్స్ మంచులో పెట్రోలు సీసం 1970లలో పతాకస్థాయికి చేరింది. తరవాత దేశం వెంట దేశం పెట్రోల్లోంచి సీసం తీసేస్తూ వచ్చాయి, మంచులో సీసం దిగిపోతూ వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా బంకుల్లో అదే. అమెరికాలో రోడ్డు మీద తిరిగే బళ్లకు సీసం పెట్రోలు పూర్తిగా నిషేధమైంది 1996 జనవరి 1న. ప్యాటర్సన్ కన్నుమూసింది 1995 డిసెంబరు 5న. నెల తిరక్కుండానే ఆయన కోరుకున్నది జరిగింది. చిట్టచివరగా 2021లో అల్జీరియా ఆపేసింది. భూమ్మీద ఎక్కడా కార్లకు సీసం పెట్రోలు అమ్మకం లేకుండా పోయింది.

మంచు లేని కొండల సంగతి ఎలా తెలుస్తుందంటారా? దానికి నాచు ఉంది. వానాకాలంలో మన ప్రహరీ గోడ మీద పట్టే ఆ పచ్చటి మెత్తనిదే. ఒక ముద్ద గిల్లి వేళ్ల మధ్య విప్పి చూడండి. అడుగున గోధుమరంగు పోగులు కనిపిస్తాయి. అవి పట్టుకోవడానికే, నీళ్లు తాగే వేర్లు కావు. ఆకు మందం చాలామటుకు ఒకే ఒక్క కణం. మామిడాకు మీద ఉండే మైనపు నిగనిగ దాని మీద ఉండదు. తిండీ నీళ్లూ అంతా వాన నుంచీ గాలి నుంచీ నేరుగా ఒంటితోనే పీల్చుకుంటుంది. గాలిలో లోహం ఉంటే అదీ ఒంట్లోనే ఉండిపోతుంది. 1960ల చివర్లో స్వీడన్‌లో రూలింగ్, టైలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని పట్టుకుని, దేశమంతా నాచు ఏరించి లోహాల పటం గీశారు. ఇప్పుడు ఐరోపా దేశాలు చాలావరకు అయిదేళ్లకోసారి ఆ పని చేస్తున్నాయి. మన కుమావూఁ కొండల్లోనూ నాచుతో ఇలా గాలిని పరీక్షించారు. ఖరీదైన యంత్రం కొండెక్కించాల్సిన పని లేదు, సంచి పట్టుకుని వెళ్లి నాచు తెచ్చుకుంటే చాలు.

ఇప్పుడు కొత్త బెంగ ఒకటి వచ్చి పడింది. ఇన్నాళ్లూ మంచు తన మీద పడ్డ లోహాన్ని లోపల పెట్టుకుని కూర్చుంది. భూమి వేడెక్కి మంచు కరుగుతుంటే, ఆ దాచుకున్నది నీళ్లతో పాటు కిందికి వస్తుంది. దీనికి తోడు, మంచు కింద ఇన్ని వేల ఏళ్లూ గాలి తగలకుండా పడి ఉన్న రాయి బయటపడుతోంది. పెరూలో కోర్డిలేరా బ్లాంకా పర్వతాల్లో ఆ రాతిలో పైరైటు ఎక్కువ. అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. దానికి గాలీ నీరూ తగిలితే గంధకికామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని అల్యూమినియం, మాంగనీసు, నికెలు, జింకు, సీసాలను కరిగించి ఏట్లో కలుపుతుంది. ఏటి అడుగు రాళ్లు తుప్పురంగుకు తిరుగుతాయి, చేపలు పోతాయి. అక్కడ రియో నీగ్రో అనే ఏరు అలాగే పాడైంది. దాని ఒడ్డున కాన్రే చీకో అనే పల్లెలో రైతులు శాస్త్రవేత్తలతో కలిసి చిన్న చిన్న మడుగులు కట్టి, తుంగ నాటి, ఆ నీటిని శుద్ధి చేసుకుని పొలాలకు పెట్టే ప్రయత్నం చేశారు. అలాస్కాలో బ్రూక్స్ పర్వతాల్లో గడ్డకట్టిన నేల కరిగి డెబ్బై అయిదు ఏర్లు నారింజరంగుకు తిరిగాయని 2024లో రాశారు. ఆ చోట్ల గని లేదు, ఫ్యాక్టరీ లేదు. వేడి మాత్రం మనం పుట్టించిందే.

ఇదంతా విని "మనం ఇక్కడ కూర్చుని ఏం చేయగలం తాతయ్యా?" అంటారని నాకు తెలుసు. ఒకటి చేయగలం. సీసం పెట్రోల్లోంచి పోయింది గానీ మన ఇళ్లలోంచి పోలేదు. ఇవాళ ప్రపంచంలో వాడే సీసంలో చాలా ఎక్కువ భాగం బ్యాటరీలకే పోతోంది. ఇన్వర్టర్‌లో, కారులో, ఆటోలో, ట్రాక్టర్‌లో ఉన్నది అదే. పాతబడ్డ బ్యాటరీ పాత సామాన్ల బండికి వేస్తే, చాలాసార్లు అది ఊరవతల ఏ రేకుల షెడ్డుకో చేరుతుంది. గొడ్డలితో పగలగొట్టి, ఆమ్లం నేల మీద పారబోసి, సీసపు పలకలను బహిరంగంగా పొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగ ముందు పీల్చేది ఆ షెడ్డులో పనిచేసేవాళ్లూ, పక్కన ఆడుకునే వాళ్ల పిల్లలూ. మిగిలింది గాలితో పోతుంది. ఎక్కడికి పోతుందో ఇంతసేపూ చెప్పుకున్నాం.

పాత బ్యాటరీని అమ్మకందారు వెనక్కి తీసుకోవాలన్న నియమం మన దేశంలో 2001లోనే వచ్చింది. 2022లో వచ్చిన కొత్త నియమాలు సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. కాబట్టి మీ నాన్నతో, మీ మామయ్యతో, ఆటో నడిపే ఎదురింటి అన్నయ్యతో చెప్పండి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చే రోజున పాతది కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి, బిల్లులో దాని ధర తగ్గించమని అడగమనండి. బండివాడు వంద రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా సరే, వేయవద్దనండి.